అక్క అడిగింది బల్ల గురించి

మా ఇంట్లో ముప్పై ఏళ్ళు వంట చేసిన మా పెద్దక్క ఒక్కనాడు కూడా నలుగురితో కలిసి కూర్చుని తినలేదు.

ఆమెను ఉమ్రిలో ఇచ్చారు. పెళ్ళయి రెండేళ్ళు తిరగకముందే బావ విషజ్వరంతో పోయాడు. పదహారేళ్ళ పిల్లను మళ్ళీ నాందేడుకు, దుకాణం వెనుకనున్న మా ఇంటికి తీసుకొచ్చారు. అప్పుడు నాకు నాలుగేళ్ళు. కాబట్టి పెళ్ళికి ముందటి అక్క నాకు గుర్తులేదు. నేనెరిగిన అక్క పొద్దున్నే చన్నీళ్ళు పోసుకుని, దండెం మీద వేరుగా ఆరేసిన చీరను కర్రతో అందుకుని కట్టుకుని పొయ్యి ముట్టించేది. వంట పూర్తయ్యేదాకా ఆమెను ఎవరమూ ముట్టుకోకూడదు. మగవాళ్ళు తిన్నాక, పిల్లలు తిన్నాక, వదిన తిన్నాక, అక్క వంటింటి మూలలో గోడ వైపు తిరిగి కూర్చుని తినేది. పెళ్ళిళ్ళలో, నోములలో ఆమెకు బంతిలో విస్తరి వేయరు. ఆమె పక్కన కూర్చోవాలంటే ముత్తయిదువలు జంకుతారు. ఆమె చేసిన బొబ్బట్లలాంటి పోళెల కోసం మాత్రం మా కుల సమాజంలో సగం మంది మా ఇంటి పిలుపుకు ఎదురుచూసేవారు.

ఇది తప్పని మాకెవరికీ అనిపించలేదు. నాకు కూడా. నేను చదువుకున్నవాణ్నని అనుకునేవాణ్ని కాబట్టి ఈ మాట ముందే ఒప్పుకుంటున్నాను.

చదువంటే బడి చదువు కాదు. నాన్న పోయాక ఏడో తరగతితో నా బడి ఆగిపోయింది. దుకాణంలో అన్న గద్దె మీద కూర్చుంటే నేను సామాను చూసుకునేవాణ్ని. మధ్యాహ్నం బేరం ఉండదు. ఆ మూడు గంటలూ నేను వాచనాలయంలో గడిపేవాణ్ని. అక్కడ మరాఠీ పుస్తకాలు గోడల నిండా ఉండేవి, ఉర్దూవి రెండు బీరువాలు, తెలుగువి ఒక అరలో సగం. నాకు మూడు భాషలూ వచ్చు. ఇంగ్లీషు నిఘంటువు పక్కన పెట్టుకుని ఒక్కో పేజీ తవ్వుకుంటూ నేర్చుకున్నాను. పదేళ్ళలో ఆ భవనంలో నేను తెరవని బీరువా లేదు. దుకాణానికి తిరిగి రాగానే అన్న గిరాకీల ముందే అడిగేవాడు: "కాయ్ పండిత్‌జీ, ఆజ్ కాయ్ వాచలం? ఇయ్యాల ఏం సదివినవో చెప్పు, చింతపండు రేటు ఏమన్న పెరుగుతదా సూద్దం." అందరూ నవ్వేవారు. నేను జవాబు చెప్పేవాణ్ని కాదు. వాళ్ళకు చెప్పినా అర్థం కాదని లోపల అనుకునేవాణ్ని.

కరువు వెళ్ళిన మరుసటేడు వాచనాలయానికి ఒక పెట్టె నిండా క్రైస్తవ పుస్తకాలు వచ్చాయి. ఎవరో మిషన్ డాక్టరు పోతూ పోతూ ఇచ్చినవి. ఎవరూ ముట్టలేదు. నేను ముట్టాను. రెండేళ్ళు వాటితోనే గడిచాయి. రక్షణ అంటే ఏమిటి, మనిషి తన మంచి పనులతో దాన్ని సంపాదించగలడా, లేక దేవుడే ఊరికే ఇస్తాడా, ఇస్తే ఎవరికిస్తాడు, ఈ ప్రశ్నల మీద వాళ్ళు వందల ఏళ్ళు కొట్టుకున్నారు. దేవుని రాజ్యం గురించి కూడా అంతే. అది చచ్చాక వెళ్ళే చోటని కొందరు, లోకం చివర వచ్చేదని కొందరు. పిండిలో పులిసిన ముద్ద కలిసినట్టు అది ఇప్పటికే మన మధ్య మొదలైందని మరికొందరు. నేనన్నీ నోటుబుక్కులో రాసుకున్నాను. ఒకచోట నా సొంత మాట కూడా రాశాను: మన మోక్షం ఒక్కడు పొందేది, పుట్టుకల నుంచి ఒంటరిగా జారిపోవడం. వీళ్ళ రాజ్యం ఎప్పుడూ గుంపుతోనే ఉంటుంది. ఎక్కడ చూసినా పెళ్ళి, విందు, పట్టణం. ఒంటరిగా వెళ్ళేది కాదు. ఈ మాటల కింద ఎర్ర సిరాతో గీత గీశాను. ఎవరూ చెప్పకుండా నాకై నేను కనిపెట్టిన సంగతని ఎంతో మురిసిపోయాను.

ఆ నోటుబుక్కు ఇప్పటికీ నా దగ్గరుంది. గీత కూడా చెరగలేదు.

అక్క కడుపులో గడ్డ ఉందని ఆ రెండో ఏడు చలికాలంలోనే తెలిసింది. సర్కారు దవాఖానాలో నెల రోజులు ఉంచారు. ఇంటినుంచి డబ్బా నేను తీసుకుపోయేవాణ్ని. ఆడవాళ్ళ వార్డులో మా జిల్లాలోని హిమాయత్‌నగర్ వైపు నుంచి వచ్చిన ఆయమ్మ ఒకామె ఉండేది. తెలుగామె. నేల కడిగేది, మంచాల కింది పళ్ళేలు తీసేది. మా ఇంట్లో అయితే ఆమెను గడప లోపలికి రానివ్వరు. ఒకరోజు నేను డబ్బాతో వార్డు గుమ్మం దాకా వచ్చేసరికి ఇద్దరి మాటలు వినబడ్డాయి. అక్క అలవాటుగా గోడ వైపు తిరిగి మంచం మీద కూర్చుని ఉంది. ఆయమ్మ తన జొన్నరొట్టె మూట విప్పుకుని కింద కూర్చుంది.

"గోడకు మొకం పెట్టి ఎందుకు తింటవక్కా? ఇటు తిరుగు. నేను గూడ ఒక్కదాన్నే ఉన్న."

"నేను ఎవలతోని కలిసి తినద్దు చెల్లె. మొగడు పోయినదాన్ని."

"నా మొగడు గూడ పోయిండు. ఇద్దరి మొగళ్ళు పోయినంక ఇగ ఎవలు ఎవలకు అంటుతరు?"

అక్క నవ్వింది. అంత గట్టిగా నవ్వగలదని నాకు తెలియదు. గుమ్మం దగ్గరే నిలబడిపోయాను. ఆయమ్మ అంతలోనే గొంతు తగ్గించింది.

"ముందే చెప్తున్న, నాది కిందికులం చెయ్యి. మల్ల తినిపిచ్చినవని నన్ను తిట్టద్దు."

"రొట్టె మంచిగున్నదా?"

"మిరపకాయల ఠేచా ఉన్నది. కంట్ల నీళ్ళస్తయి."

"తే మరి."

అక్క కిందికి దిగి ఆమె పక్కన కూర్చుని తిన్నది. నేను కాసేపు బయట తచ్చాడి, ఏమీ చూడనట్టు లోపలికి వెళ్ళాను. ఇంట్లో చెప్పలేదు. అలా చెప్పకుండా ఉండడమే గొప్ప ఉదారమనుకున్నాను.

ఆయమ్మ ఆమెకు ఒక చిన్న సువార్త పుస్తకం ఇచ్చింది. అక్కకు చదువు రాదు. ఇంటికి తెచ్చాక మధ్యాహ్నాలు నేనే చదివి వినిపించాను. కోయడానికి వీల్లేదని డాక్టర్లు చెప్పేశారు. ఎన్నాళ్ళుంటుందో వాళ్ళు చెప్పలేదు, మేమూ అడగలేదు. అక్క చాపమీద పడుకుని కళ్ళు మూసుకుని వినేది. ఒక పెద్దమనిషి విందు పెడితే పిలిచినవాళ్ళు సాకులు చెప్పి రారు. అప్పుడాయన వీధుల్లో ఉన్న బీదవాళ్ళను, కుంటివాళ్ళను, గుడ్డివాళ్ళను తీసుకురమ్మంటాడు. ఆ కథ దగ్గర అక్క కళ్ళు తెరిచింది.

"గా బంతిల ముండరాండ్లు గూడ కూసున్నరా?"

"రాసిలేదక్కా."

"రాయకున్నా ఉంటరు తియ్యి. తొవ్వల నిలవడ్డోళ్ళనందర్ని పట్టుకరమ్మన్నడు గద."

నేను పుస్తకం మూసి, ఎంతో ఓపికగా చెప్పాను. "అక్కా, విందంటే నిజంగ విందు గాదు. అది పోలిక. ఆత్మకు కలిగే ఆనందానికి గుర్తు. దాన్ని తిండి అనుకోవద్దు."

"తినుడు లేకపోతే మరి పిలుసుడెందుకురా?"

నేను నవ్వాను. మర్నాడు వాచనాలయంలో నాలాంటి ఇద్దరు పాఠకులకు ఆ మాట చెబితే వాళ్ళూ నవ్వారు. పామరుల మనసు ప్రతీకను ఎలా పట్టుకోలేదో దానికి ఉదాహరణగా చెప్పాను.

రైల్వే క్వార్టర్ల వెనుక ఒక రేకుల గదిలో ఆదివారం తెలుగు ప్రార్థన జరిగేది. గ్యాంగ్‌మన్లు, దవాఖానా ఊడ్చేవాళ్ళు, వాళ్ళ పెళ్ళాం పిల్లలు, అంతా కలిసి ముప్పై మంది ఉంటారేమో. నెలలో మొదటి ఆదివారం నిజామాబాద్ నుంచి పాసింజరు బండిలో పాస్టరు వచ్చేవాడు. గుడికని ఇంట్లో చెప్పి అక్కను రిక్షాలో నేనే తీసుకుపోయేవాణ్ని. నాకూ కుతూహలమే, పుస్తకాల్లో చదివింది కళ్ళారా చూడవచ్చని.

పాస్టరు వచ్చిన రోజున ప్రార్థన చివర వాళ్ళు బల్ల అనేది జరుపుతారు. ఒక రొట్టెను విరిచి పళ్ళెంలో పెట్టి వరుస వెంట తిప్పుతారు. తర్వాత ఒకే గిన్నెలో ద్రాక్షరసం, అందరూ అందులోనే తాగాలి. నీళ్ళలో మునిగి బాప్తీస్మం తీసుకున్నవాళ్ళకే అది ఇస్తారు. పళ్ళెం ఆయమ్మ దాకా వచ్చింది. ఆమె ఒక ముక్క తీసుకుని, పక్కనున్న అక్క మీదుగా అవతలి మనిషికి అందించింది. అలా రెండు నెలలు చూశాను. రెండోసారి పళ్ళెం తన ముందునుంచి వెళ్తున్నప్పుడు అక్క ఒళ్ళో ఉన్న చేతిని కొంచెం పైకెత్తి మళ్ళీ దించుకుంది. పక్కనున్నవాళ్ళు గమనించలేదు.

తిరిగొచ్చేటప్పుడు రిక్షాలో అంది: "తమ్మీ, మల్లొచ్చే నెల పాస్టరు అచ్చినప్పుడు నేను నీళ్ళల్ల మునుగుత. ఆయమ్మతోని గూడ చెప్పిన."

"అక్కా, తెలిసే అంటున్నవా?"

"ఒక్కసారి గా బల్లల చెయ్యి పెట్టాలెరా. ఎక్కువ దినాలు లేను. ఒక్కసారి సాలు."

ఆమె దాచుకునే మనిషి కాదు. ఆ సాయంత్రమే అన్నతో చెప్పేసింది. అన్న కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు, ఆమె చాప పక్కన కూలబడి బతిమాలాడు.

"అక్కా, నీ కాళ్ళు మొక్కుత. గీ ముచ్చట సమాజంల తెలిస్తే రేపు మన ఇంట్ల ఇస్తరి ముందట ఎవడు కూసుంటడు? మన బంతినే మూసేస్తరు. నా బిడ్డ లగ్గానికి ఎవలస్తరు?"

"నా పక్కపొంటి ఎన్నడు కూసున్నరురా వాళ్ళు?" అంది అక్క.

అన్న నన్ను గోదాములోకి పిలిచి బస్తాల మధ్య నిలబెట్టాడు. మా పురోహితుడు అయ్యగారిని పిలిపిద్దామా అని నేనే అడిగాను. తల అడ్డంగా ఊపాడు.

"అయ్యగారు చెప్తే ఇనది. నువ్వు చెప్తే ఇంటది. గా కిరస్తానీ పుస్తకాలన్ని సదివినవు గద? అండ్లకెళ్ళే తియ్యి ఏదన్న. వాళ్ళ మాటతోటే బంద్ చెయ్యాలె."

ఇరవై ఏళ్ళలో మా అన్న నా చదువును ఒక పనికి అడగడం అదే మొదటిసారి. ఒళ్ళు పులకరించింది. ఇది సిగ్గుపడుతూనే రాస్తున్నాను. మూడు మధ్యాహ్నాలు ఆ పెట్టె ముందేసుకుని కూర్చున్నాను. వకీలు కేసు కట్టుకున్నట్టు కట్టుకున్నాను. మూడో రోజు దొరికింది. సిలువ మీద ఏసు పక్కన వేలాడిన దొంగ. చివరి ఘడియలో నమ్మాడు, ఆ రోజే పరదైసులో ఉంటావని మాట పొందాడు. వాడికి బాప్తీస్మం లేదు, బల్ల లేదు, ఒక్క మంచి పని లేదు. పెద్ద పెద్ద పండితులు వాడి మీద పేజీలకు పేజీలు రాశారు. అన్నీ రాసుకుని ఇంటికొచ్చాను.

అక్క పడుకుని ఉంది. నేను కథ చెప్పాను. బాగా చెప్పాను. ఆమె చివరిదాకా వింది.

"అంటే మునగకున్నా పోతమా?"

"పోతమక్కా. మనసుల నమ్మితే సాలు. నమ్మినవా లేదా?"

"నమ్మిన."

"ఇగ అయిపోయినట్టే. నీళ్ళు పై గుర్తు, గంతే."

"మరి బల్ల?"

"అది గూడ గుర్తే. అసలు విందు అక్కడ పోయినంక ఉంటది. అక్కడ నీకు జాగ ఉంటది."

అక్క నా వైపు ఒత్తిగిలింది. "మొన్న విందు నిజం గాదంటివి గదరా తమ్మీ?"

అది నేను చెప్పిన మాటే. అయినా ఆగలేదు. అది వేరు, ఇది వేరు, అప్పుడు చెప్పింది ఒక అర్థంలో, ఇప్పుడు చెప్పేది ఇంకో అర్థంలో అని ఏదో అల్లుకుంటూ పోయాను. పుస్తకాల పేర్లు కూడా చెప్పాను. చదువురాని మనిషికి, చావబోతున్న మనిషికి, పుస్తకాల పేర్లు.

"సరే తియ్యి," అంది. "నువ్వు సదువుకున్నోనివి. నీకెరుకే." అని గోడ వైపు తిరిగి పడుకుంది.

దుకాణంలోకి రాగానే ఆమె ఒప్పుకుందని అన్నకు చెప్పాను. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇన్నేండ్లకు నీ సదువు అక్కరకచ్చింది తమ్మీ," అన్నాడు. ఎదురు హోటల్ నుంచి నాకోసం మలాయి వేసిన చాయ్ తెప్పించాడు. గిరాకీల ముందు నన్ను తన పక్కన గద్దె మీద కూర్చోబెట్టాడు. నేను ఆ చాయ్ తాగాను.

మొదటి ఆదివారం వచ్చింది, పోయింది. అక్క ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. గురువారం మధ్యాహ్నం ఆమె పోయింది. సాయంత్రానికల్లా గోదావరి ఒడ్డున మంత్రాలతో అంతా జరిగింది. లోపం ఏమీ రానివ్వలేదు.

మూడో రోజు ఆయమ్మ వచ్చింది. ఆమెకు అప్పటిదాకా తెలియదు. దుకాణం మెట్ల కింద నిలబడి, అక్కకు ఎలా ఉందని అడిగితే అన్న తల తిప్పుకున్నాడు. నేను బయటికి వెళ్ళి విషయం చెప్పాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మొన్న ఆదివారం పాస్టరు అచ్చిండు సేటూ. పొద్దుటికెళ్ళి గోదారి ఘాటు మీద ఎదురుసూసినం. ఆమె కొరకు తెల్లచీర గూడ తెచ్చిపెట్టిన. ఎందుకు రాలే? ఒద్దన్నదా?"

ఏదో ఒకటి చెప్పి పంపేయవచ్చు. కానీ నాకు నా వాదన మీద నమ్మకం ఉంది. దొంగ సంగతి ఆమెకూ వివరించాను. నడివీధిలో, ఎండలో నిలబడి, ఏడుస్తున్న మనిషికి వివరించాను. ఆమె కళ్ళు తుడుచుకుని చివరిదాకా వింది.

"గా దొంగ సంగతి నాకెరుకే సేటూ. సదువు రాదు గాని పదేండ్ల సంది ఇంటున్న. గాయన చేతులకు మేకులు కొట్టి ఉన్నరు. దిగి రాలేడు. నీళ్ళు తెచ్చేటోడు లేడు, రొట్టె ఇరిసేటోడు లేడు. గందుకు గాయన తీరుగ గాయనకు దొరికింది. మీ అక్కకు ఎవలు మేకులు కొట్టిండ్రు? మీ ఇంటికెళ్ళి గోదారికి ఎంత దూరమున్నది?"

ఆమె మళ్ళీ కళ్ళు తుడుచుకుంది.

"ఆమెకు పరలోకం దొరుకలేదని నేనంటలేను. దొరికే ఉంటది, దేవుడు మీ అసొంటోడు గాదు. గాని గామె నన్ను పరలోకం అడుగలే సేటూ. నా పక్కపొంటి కూసుంట అన్నది. గంతే అడిగింది."

ఆమె వెళ్ళిపోయాక కూడా అక్కడే నిలబడ్డాను. ఆమె మాటకు బదులేమిటా అని వెతుక్కుంటున్నాను. దుఃఖం కంటే ముందు నాకు వచ్చింది అదే. ఇప్పటికీ ఆ వాదనలో తప్పు లేదనే చెబుతాను. ఏ పాస్టరైనా ఒప్పుకుంటాడు. రక్షణకు బల్ల షరతు కాదు. అక్క రక్షణ గురించి అడగలేదన్న ఒక్క సంగతి తప్ప అందులో అన్నీ సరిగ్గానే ఉన్నాయి. గుంపుతో కూడిన రాజ్యమని నా చేత్తో రాసి, గీత గీసి, ఆ గుంపులో ఒక మనిషి పక్కన కూర్చోవడానికి వెళ్తున్నదాన్ని ఒంటరిదారి చూపించి పంపాను. అది అజ్ఞానం కాదు. అజ్ఞానమైతే మా అన్నలా వట్టి భయంతో బతిమాలేవాణ్ని. అన్న బతిమాలినా అక్క లొంగలేదు. నా చదువుకే లొంగింది.

పదకొండో రోజు దినాలు చేశాం. ఉమ్రి నుంచి ఆమె అత్తింటివాళ్ళు వచ్చారు. ముప్పై ఏళ్ళలో ఒక్కసారి తొంగిచూడనివాళ్ళు బండి కట్టుకుని వచ్చారు. సమాజం పెద్దలంతా వచ్చారు. భోజనాలకు ముందు అన్న చేతులు జోడించి అందరికీ చెప్పాడు: "మా తమ్ముడు మస్తు సదివినోడు. అక్క గురించి రెండు మాటలు చెప్తడు."

నేను లేచి నిలబడ్డాను. రెండు మాటలు కాదు, పావుగంట మాట్లాడాను. అన్నం పెట్టిన చేయి ఎన్నటికీ ఖాళీగా పోదన్నాను. తాను చివర తిని అందరికీ ముందు పెట్టిన ఆ తల్లికి పైలోకంలో మొదటి విస్తరి వేసి ఉంటుందన్నాను. ఆ మాట ఏ పెట్టెలోంచి తీసుకున్నానో చెప్పలేదు. ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు ఒత్తుకున్నారు. ఉమ్రి నుంచి వచ్చిన బావ వాళ్ళ పెద్దన్న, ముసలాయన, నా భుజం తట్టి, "గింత మంచిగ మా అయ్యగారు గూడ చెప్పడు," అన్నాడు. నాకు సంతోషమైంది. దాచి లాభం లేదు, చాలా సంతోషమైంది.

తర్వాత బంతి వేశారు. నన్ను పెద్దల వరుసలో కూర్చోబెట్టారు. పోళెలు వదిన చేసింది. అవి అక్క చేసినట్టు లేవని ముసలాయన నా చెవిలో అన్నాడు. ఔనన్నాను. వడ్డించేవాడు మళ్ళీ వస్తే ఇంకొకటి వేయించుకున్నాను.